నీళ్ళకు చావని గోమారి

నురగ బాబాయికి ఆ పేరు ఊరికే రాలేదు. ముప్పై ఏళ్ళుగా ఆయన చొక్కా చేతులు మోచేతుల పైకి మడిచే ఉన్నాయి, మోచేతుల దాకా నురగ ఉంటూనే ఉంది. ఆయన లాండ్రీ మొత్తం రెండు గదులు. ముందు గదిలో బల్ల, ఇస్త్రీపెట్టె, బట్టలు మడతపెట్టే కూతురు. వెనక గదిలో రెండు ఉతికే మిషన్లు, ఒక డ్రయ్యర్. ఆ డ్రయ్యర్ మీద దుమ్ము పేరుకుని ఉండేది. ఉతకడమే పనితనమనీ, ఆరబెట్టడం గాలికి కూడా చేతనవుననీ ఆయన అభిప్రాయం. యూనిఫారాలకైతే చన్నీళ్ళే వాడేవాడు, రంగు పోకూడదని. ఆరేసేది పెరట్లో నీడపట్టున, అదీ రంగు కోసమే.

"నా నీళ్ళలో పడ్డాక మరకా బతకదు, పురుగూ బతకదు" అనేవాడు వచ్చినవాళ్ళతో. కొంచెం గొప్పలకు పోయే మనిషేలెండి. చేతిలో పని ఉన్నవాడి గొప్పలు జనం ఓపిగ్గానే వింటారు.

వానలు వెలిసి గడ్డి నడుముదాకా పెరిగే రోజుల్లో, అడవి దారులు బాగుచేసే కూలీల యూనిఫారాలు సంచులకొద్దీ వచ్చేవి. వాళ్ళ మేస్త్రి ప్రతి సోమవారం సంచులు దించి, పోయిన వారం బట్టలు పట్టుకెళ్ళేవాడు. ఆ సోమవారం అతని వెంట కూలీల వైద్యం చూసే నర్సమ్మ కూడా వచ్చింది.

"బాబాయ్, మీతో ఒక మాట చెప్పాలి. ఈ బట్టలు రాగానే ముందు డ్రయ్యర్లో వేయండి. బాగా వేడి పెట్టి పది నిమిషాలు తిప్పాక, అప్పుడు ఉతకండి" అంది.

బాబాయి సబ్బుచేతిని గాల్లోనే ఆపాడు. "ఉతక్కముందే ఆరబెట్టాలా? పెళ్ళయ్యాక పెళ్ళిచూపులు పెట్టినట్టుందమ్మా."

"గోమార్ల కోసం. పశువుల చెవుల్లో, కుక్కల మెడమీద పట్టుకుని ఉంటాయే, అవే. గడ్డిలోంచి వీళ్ళ బట్టలకెక్కుతున్నాయి. ఈ నెలలో అవి కుట్టి ముగ్గురు జ్వరంతో మంచమెక్కారు. అవి నీళ్ళకు చావవు బాబాయ్, పొడి వేడికి చస్తాయి."

మేస్త్రి తల గోక్కున్నాడు. "ప్యాంటు అంచులు సాక్సుల్లోకి దోపుకోండ్రా అని ఈమె చెబితే నవ్వాం. బాగా నవ్వినవాడే ముందు పడ్డాడు. ఇప్పుడు అందరం దోపుకుంటున్నాం, సాయంత్రం ఒకరి వీపు ఒకరం చూసుకుంటున్నాం."

"మీరు దోపుకోండి, మంచిదే. కానీ ఉతక్కముందే గడ్డి పసరు మీద వేడి తగిలిందంటే ఆ మరక ఇక బట్టతోనే పోతుంది. తెలిసి తెలిసి నా చేత్తో ఆ పని చెయ్యలేను" అన్నాడు బాబాయి. ఆ మాటతో సంభాషణ అయిపోయిందనుకున్నాడు.

బాబాయి మనవరాలికి నాలుగేళ్ళు. ప్రతిదానికీ ఎందుకని అడుగుతుంది కాబట్టి వీధంతా దాన్ని ఎందుకమ్మ అనే పిలిచేది. మధ్యాహ్నమైతే దాని పడక మడతపెట్టిన బట్టల దొంతరే. తాత కూడా ముచ్చటపడేవాడు, తన ఉతుకు మీద అంత హాయిగా నిద్రపోయేవాళ్ళు ఇంకెవరున్నారని.

గురువారం పొద్దున తల దువ్వుతూ కూతురు చెయ్యి ఆపేసింది. "నాన్నా, ఇటు రా. దీని చెవి వెనక పుట్టుమచ్చ చూడు. నిన్న లేదు."

బాబాయి కళ్ళజోడు పైకి జరిపి వంగాడు. ఆవగింజంత ఉంది. నల్లగా నిగనిగలాడుతోంది. చూస్తూ ఉండగా దాని కాలు ఒకటి కదిలింది.

"అగ్గిపుల్ల ఇటివ్వు. వేడి తగిలితే అదే వదులుతుంది."

"పిల్ల చెవి దగ్గర నిప్పా? నువ్వు కదలకుండా కూర్చో, నేను నర్సమ్మకు ఫోన్ చేస్తా" అంది కూతురు. ఇంట్లో కూతురి మాటకు ఎదురు చెప్పడం బాబాయికి ఎప్పుడూ అలవాటు లేదు.

నర్సమ్మ సన్నటి మొనలున్న చిన్న పట్టకారు తెచ్చింది. చర్మానికి ఆనించి గోమారిని తల దగ్గర పట్టుకుంది. మెలితిప్పలేదు, కుదపలేదు. నిదానంగా, తిన్నగా పైకి లాగింది. అది వచ్చేసింది. కుట్టినచోట సబ్బుతో కడిగి, గోమారిని చిన్న గాజుసీసాలో వేసి మూత బిగించింది.

"కాల్చినా, నూనె పోసినా దాని కడుపులో ఉన్నది పిల్ల ఒంట్లోకి కక్కొచ్చు. మంచిపని చేశారు, ఆగారు. నెల రోజులు కనిపెట్టుకుని ఉండండి. జ్వరమొచ్చినా, ఒంటిమీద ఎర్రగా దద్దు లేచినా ఆ రోజే తీసుకురండి. అన్నిట్లో రోగం ఉండదు. ఉందో లేదో దాని మొహం చూసి చెప్పలేం."

"సంచుల మీద ఆడుకుని ఉంటుంది" అన్నాడు బాబాయి.

"సంచుల దగ్గరికి నేను రానివ్వను నాన్నా. అది పడుకునేది ఉతికిన బట్టల మీద."

బాబాయికి తన నీళ్ళమీద తనకే అనుమానం వచ్చింది. ముప్పై ఏళ్ళలో అదే మొదటిసారి.

ఆ తర్వాతి సోమవారం మేస్త్రి సంచి దించగానే బాబాయి పెరట్లో తెల్ల దుప్పటి పరిచి, చేతికి తొడుగులు వేసుకుని, ఒక్కో ప్యాంటూ దులిపాడు. తెల్లటి బట్టమీద రెండు నల్ల చుక్కలు నడక మొదలుపెట్టాయి. పట్టకారుతో ఒకదాన్ని గుడ్డసంచిలో వేసి దారంతో కుట్టేశాడు. రెండోదాన్ని ఇంకో సంచిలో వేశాడు. మొదటి సంచి ఉతికే మిషన్లోకి పోయింది, చొక్కాలతో, సబ్బుపొడితో, పూర్తి గంట. అది అందులో ఎన్ని వందలసార్లు తిరిగిందో, ఎన్నిసార్లు గోడకేసి కొట్టుకుందో ఆయన లెక్కవేయలేదు. మిషన్ ఆగాక దారం తెంపి, గోమారిని తెల్ల పింగాణీ పళ్ళెంలోకి దులిపాడు.

అది కదల్లేదు. "చూశావా?" అన్నాడు కూతురితో. గొంతులో పాత ధీమా తిరిగొచ్చింది.

ఇంకా బాగా చూద్దామని భూతద్దం తీసుకుని దగ్గరికి వంగాడు. ఆయన ఊపిరి పళ్ళెంలో పడింది. గోమారి ముందుకాళ్ళు రెండూ మెల్లగా పైకి లేచాయి. చంటిపిల్ల ఎత్తుకోమని చేతులు చాచినట్టు అటూ ఇటూ ఊగాయి. తర్వాత అది ఆయన మొహం వైపే నడవసాగింది.

బాబాయి ఊపిరి బిగబట్టాడు. కాసేపటికి అది ఆగింది. మళ్ళీ వదిలాడు. మళ్ళీ కాళ్ళు లేచాయి.

"నేనున్నానని దానికి తెలుస్తోందే" అన్నాడు గుసగుసగా. "దీనికి కళ్ళు కూడా ఉన్నట్టు లేవు. నా ఊపిరి పట్టుకుని వస్తోంది."

నెలల తరబడి ఏమీ తినకుండా గడ్డిపోచ చివర అలా చేతులు చాపుకుని కూర్చుంటుందని ఆ గురువారమే నర్సమ్మ చెప్పింది. అప్పుడు వినీ విననట్టు విన్నాడు. ఇప్పుడు కళ్ళారా చూస్తున్నాడు. ఎండ, వాన, ఆకలి, చివరికి తన మిషను, తన సబ్బు, తన ముప్పై ఏళ్ళ పేరు. వీటిలో ఏదీ దాన్ని కదిలించలేకపోయింది. ఆవగింజంత ఒంట్లో అంత ఓపిక ఎవరు పెట్టారో ఆయనకు అంతుపట్టలేదు. శత్రువే అయినా దండం పెట్టాలనిపించింది. ఆ వెంటనే, ఇంత మొండిది తన మనవరాలి చెవి వెనక ఎంతసేపు కూర్చుందో గుర్తొచ్చి దాన్ని సీసాలో వేసి మూత బిగించాడు.

రెండో సంచిని పొడిగానే డ్రయ్యర్లో వేశాడు. బాగా వేడి పెట్టి పది నిమిషాలు తిప్పాడు. తీసి పళ్ళెంలో దులిపి, ఊపిరి వదిలాడు. ఏ కాలూ లేవలేదు. ఇంకోసారి వదిలాడు. మూడోసారి కూడా చూసి, మెల్లగా లేచి, డ్రయ్యర్ మీది దుమ్ము తన భుజం మీది తువ్వాలుతో తుడిచాడు.

ఆ రోజు నుంచి అడవి బట్టలు వచ్చినవి వచ్చినట్టు డ్రయ్యర్లోకే పోయాయి. ఎందుకమ్మకు దొంతర మీద పడక రద్దయింది. రోజూ పొద్దున తాత దాని నుదుటిమీద చెయ్యి పెట్టేవాడు, చెవుల వెనక, చంకల్లో, మోకాళ్ళ వెనక చూసేవాడు. క్యాలెండర్లో ఒక గడి కొట్టేసేవాడు. పంతొమ్మిదో రోజు మధ్యాహ్నం దాని ఒళ్ళు వెచ్చగా తగిలింది. బాబాయి చెప్పులు కూడా వేసుకోకుండా పిల్లను ఎత్తుకుని పరుగెత్తాడు. ఎండలో తొక్కుడుబిళ్ళ ఆడిందనీ, జ్వరం లేదనీ నర్సమ్మ నీళ్ళు తాగించి పంపింది.

నెల నిండాక వచ్చిన సోమవారం మేస్త్రి వెంట నర్సమ్మ కూడా వచ్చింది. నర్సమ్మ పిల్లను అటూ ఇటూ తిప్పి చూసి, "ఏమీ లేదు బాబాయ్. ఇక నిద్రపోండి" అంది. ఆయన తలుపుకు చేరగిలబడి, చొక్కా చేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. నురగ కంట్లో పడిందన్నాడు. ఆ రోజు ఆయన చేతులకు నురగ లేదు.

అప్పుడే మేస్త్రి ఉతికిన ప్యాంటు ఒకటి విప్పి వెలుతురుకేసి పట్టాడు. మోకాళ్ళ దగ్గర పసరు మరకలు ఆకుపచ్చగా ముద్ర వేసినట్టు ఉన్నాయి.

"ఏంటి బాబాయ్, నీ ఉతుకులో మరక ఉండటం ఈ నెలకు ముందు నేనెప్పుడూ చూడలేదు."

"ఉండనీ" అన్నాడు బాబాయి.

ఎందుకమ్మ తలెత్తి చూసింది. "ఎందుకు తాతా?"

బాబాయి వంగి, దాని చెవి వెనక మానిపోయిన చోటును వేలితో తడిమాడు.

"మరక కరవదమ్మా."