శుక్రవారం పూట బంగారం

చేవెళ్ల బస్టాండు ఎదురుగా నాది కిరాణా దుకాణం. సాఫ్ట్‌వేర్ వాళ్లు ఫామ్‌హౌసుల కోసం మా భూముల మీద ఎగబడ్డ ఆ ఏళ్లలో, మేడమీద నలుగురికీ షేర్లు కొని అమ్మిపెట్టే కంప్యూటరు కూడా పెట్టాను. పప్పు తూచుకునేవాడికి అదెందుకని మా ఆవిడ సుమిత్రమ్మ మొత్తుకుంటూనే ఉంది. వింటేగా.

అజీజ్‌నగర్ కుర్మయ్య ఉన్న ఎకరన్నర అమ్ముకుని, ఆ భూమిలో లేచిన ఫామ్‌హౌసుకే వాచ్‌మన్ అయ్యాడు. వచ్చిన డబ్బంతా నా మాట మీద, నేనూ కొన్న శ్రీగిరి గోల్డ్ షేర్లలో పెట్టాడు. అది బంగారం కోసం బోర్లు వేసి వెతికే చిన్న కంపెనీ. గోరంత బంగారం కూడా పైకి రాలేదు, ఆశ మాత్రం కొండంత.

దాన్ని ఓ పెద్ద కంపెనీ కలుపుకుంటుందని పుకారు లేచింది. రోజూ ఎగిరి ఎగిరి శుక్రవారానికి ధర రెట్టింపైంది. కుర్మయ్య ఆటోలో పరుగున వచ్చాడు. చేవెళ్ల అవతల ఒక ఎకరం బేరమాడి బయానా ఇచ్చాడట, మళ్లీ సొంతంగా దున్నుకోవాలని.

“సేటూ, ఇయ్యాల్నే అమ్మెయ్యి. మల్ల నాకింత భూమి అయితది.”

కంప్యూటరు చూశాను. చిన్న షేర్లతో అదే తంటా, కొనేవాళ్లు కొద్దిమందే ఉంటారు. ఆ రోజున్నవాళ్లు నా షేర్లకే చాలరు.

“శుక్రారం పూట బంగారం ఎవరన్న బయటికి పంపుతరా కుర్మయ్యా? సోమారం అమ్ముదాం.”

అతను లెంపలు వేసుకున్నాడు. శుక్రవారం ఇంట్లోంచి ఉప్పు కూడా బదులివ్వని మనిషి. అతను మెట్లు దిగగానే నావి అమ్మేశాను. ఛీ, నాదీ ఒక బతుకేనా.

సోమవారం విలీనం ఒప్పందం బయటపడింది. శ్రీగిరి ఇరవై షేర్లకు వాళ్లది ఒక్కటి ఇస్తారట, శుక్రవారం ధరలో పదో వంతు కూడా కాదు. అందరూ అమ్మేవాళ్లే, కొనేవాడు ఒక్కడూ లేడు. కుర్మయ్యవి రోజూ అమ్మకానికి పెట్టేవాణ్ని, రోజూ ధర దిగేది. నెల తిరిగేసరికి చిల్లర తప్ప ఏమీ మిగల్లేదు. బయానా మునిగింది. ఆ ఎకరం ఎవరో ఇంజనీరు కొనుక్కున్నాడు.

తిట్టడానికి వస్తాడనుకున్నాను. రాలేదు. ఉండబట్టలేక, నిజం చెప్పేద్దామని నేనే అజీజ్‌నగర్ వెళ్లాను. ఫామ్‌హౌసు గేటు దగ్గర ఉన్న ఒక్క కుర్చీ నాకు వేసి, తాను నేల మీద కూర్చున్నాడు. ఒకప్పుడు అతని నేలే.

“నా రాత గట్లున్నది. శుక్రారం లచ్చిమి అని నువ్వు గూడ ఆగితివి. నీయి గూడ పాయె గద సేటూ.”



“పాయె కుర్మయ్యా,” అన్నాను.

అతను లేచి, నా భుజం మీద చెయ్యి వేసి, ఫికర్ చెయ్యొద్దని నన్ను ఓదార్చాడు.