ఒక్కరోజు కూడా వాడనట్టు

నా దగ్గరికి పాత తోలు బ్యాగులు పట్టుకొచ్చేవాళ్ళందరికీ గుమ్మంలోనే ఒక మాట చెప్పేస్తాను. శుభ్రం చేస్తాను, ఊడిపోయిన కుట్లు వేస్తాను, వెలిసిపోయిన చోట రంగు కలుపుతాను, కానీ కొత్తది మాత్రం చెయ్యను. ముప్పై ఏళ్ళ బ్యాగు ముప్పై ఏళ్ళ బ్యాగులాగే ఉండాలి, కాకపోతే ఎవరో ప్రేమగా చూసుకున్నదానిలా ఉండాలి. ఈ మాటకు అందరూ తల ఊపి బ్యాగు వదిలి వెళతారు. ఇంత చిన్న విషయం బుర్రకెక్కని మనిషి ఈ లోకం మొత్తమ్మీద ఒక్కతే ఉంది. ఆవిడే నన్ను కన్నది.

ఆ రోజు అమ్మ పొద్దున్నే ఊడిపడింది. నాకు పనిగది అంటూ లేదు, భోజనాల బల్లే నా పనిబల్ల. దాని మీద అప్పటికే ఇద్దరి బ్యాగులు రంగు ఆరుతున్నాయి. వాటిని మోచేత్తో పక్కకు నెట్టి, పాత దిండుగలీబులోంచి తన బ్యాగు తీసి పెట్టింది.

"మీ పెద్దమ్మకి కంటి ఆపరేషనైందిగా," అంది.

"నేను వెళ్ళి చూసొచ్చాను కూడా. వెళ్ళనిది నువ్వే."

"వెళ్తాను. నెల తిరిగేసరికి కళ్ళద్దాలిస్తారట, అప్పుడు వెళ్తాను. ఈలోగా నువ్వు దీన్ని బాగుచెయ్యి. ఒక్కరోజు కూడా వాడనట్టు ఉండాలి."

"అది కుదరదమ్మా. నేను కొత్తది చెయ్యను."

"ఆ కబుర్లు నీ కస్టమర్లకి చెప్పుకో."

అమ్మా, పెద్దమ్మా మాట్లాడుకుని ఆరేళ్ళయింది. అంతకుముందు ఊళ్ళు వేరైనా, పండగకో పబ్బానికో కలిశారంటే ఇద్దరూ ఒకరిని విడిచి ఒకరు ఉండేవాళ్ళు కాదు. అమ్మకు కోర్టులో టైపిస్టు ఉద్యోగం వచ్చినప్పుడు, గుడ్డసంచీ తగిలించుకుని ఆఫీసుకేం వెళతావని ఈ బ్యాగు ఇచ్చింది పెద్దమ్మే. తను అప్పట్లో ఒక దుకాణంలో బట్టలు కుట్టేది. ఎంతో ముచ్చటపడి కొనుక్కున్న బ్యాగు, వారం తిరక్కుండా చెల్లెలి భుజానికి తగిలించేసింది. తర్వాత బతుకంతా తను గుడ్డసంచీయే మోసింది. ఇదంతా మా ఇంట్లో అందరికీ తెలిసిన కథే. ఆరేళ్ళ కిందట ఎవరింట్లోనో భోజనాల దగ్గర పనికిమాలిన విషయం మీద మాటా మాటా పెరిగింది. పెద్దమ్మ పదిమందిలో, "నేనిచ్చిన బ్యాగు తగిలించుకున్నావు కాబట్టే ఆఫీసులో నిన్నొక మనిషిగా చూశారు," అనేసింది. అమ్మ చెయ్యి కడుక్కుని లేచి వచ్చేసింది. మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు.

"ఇచ్చింది ఇచ్చినట్టుగా తన చేతిలో పెట్టేస్తాను," అంది అమ్మ. "అప్పుడే అక్క మొహం చూసి మాట్లాడగలను. లేకపోతే ఎదురుగా కూర్చున్నంతసేపూ ఆ మాటే వినబడుతుంది నాకు."

"పెద్దమ్మ ఎప్పుడో మర్చిపోయి ఉంటుంది."

"నేను మర్చిపోలేదు. పైగా ఇదివరకైతే తన కళ్ళకి పొరలు. ఇప్పుడు చీమ కూడా కనబడుతుందట. చిన్న గీత ఉన్నా పట్టేస్తుంది, దాని మీద ఓ మాట అంటుంది. నేను పడను."

అమ్మ పట్టు పట్టిందంటే బ్రహ్మదేవుడు దిగొచ్చినా కదలదు. నేను దిగిరావడం ఒక లెక్కా. సరేనన్నాను.

కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి బ్యాగు చూశాక నీరసం వచ్చింది. ముదురు గోధుమరంగు తోలు ఒకవైపు బాగానే ఉంది, రెండోవైపు తెల్లగా పాలిపోయింది. రోజూ బస్సులో నిలబడి వెళ్ళే మనిషి నడుముకు రాసుకుని రాసుకుని అరిగిన వైపు అది. పిడి చేతిచెమటకు నల్లబడి గట్టిపడింది. మూత బిగించే ఇత్తడి బటను మీద బొటనవేలు నొక్కే చోట మాత్రమే పూత పోయింది. అడుగున వరసగా నీటి చారలు, తడి నేల మీద పెట్టినప్పుడల్లా ఒకటి. లోపలి లైనింగు నిండా కార్బన్ కాగితాల నీలి మరకలు. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఎప్పటిదో విరిగిన పాల వాసన. మూత చివర తోలు మీద చిన్న చిన్న గుంటలు. ఇవేంటని అడిగితే, "నువ్వే. పళ్ళొచ్చేటప్పుడు దాన్నే కొరికేదానివి," అంది అమ్మ, తప్పు నాదన్నట్టు.

ఆ సాయంత్రం మళ్ళీ వచ్చింది, ఈసారి తన బట్టలతో సహా. దగ్గరుండి చేయించుకుంటుందట.

దగ్గరుండడమంటే ఏమిటో తర్వాతి మూడు వారాల్లో నాకు బాగా తెలిసొచ్చింది. తోలు పనికి కావలసింది ఓపిక. మెత్తటి బ్రష్షుతో దుమ్ము దులపాలి. గుడ్డ తడిపి, పిండి, ఇంకా పిండి, అప్పుడు సబ్బు నురగ అద్ది సున్నితంగా తుడవాలి. లోపల పాత నూలుగుడ్డలు కుక్కి, ఆకారం నిలబెట్టి, నీడలో ఆరనివ్వాలి. తోలు ఎంతసేపు ఆరుతానంటే అంతసేపు మనం నోరు మూసుకుని కూర్చోవాలి. మా అమ్మకు చేతకాని పనులు ఈ ప్రపంచంలో రెండున్నాయి. నోరు మూసుకోవడం ఒకటి, కూర్చోవడం రెండోది.

నేను నీడలో పెట్టి బయటికెళితే, వచ్చేసరికి బ్యాగు బాల్కనీలో ఎర్రటెండలో ఉంది. "ఎండలో ఐతే గబగబా ఆరుతుంది కదా," అంది. ఎండకు తోలు బిగుసుకుపోయి మూత పైకి లేచింది. దాన్ని మళ్ళీ మెత్తపరచడానికి నాలుగు రోజులు పట్టింది. ఇంకో రోజు స్నానం చేసి వచ్చేసరికి పిడికి తలనూనె పట్టిస్తోంది, నా చిన్నప్పుడు నా నెత్తికి పట్టించినంత శ్రద్ధగా.

"అమ్మా, ఏం చేస్తున్నావు?"

"ఎండిపోయి ఉంది, పాపం."

"దానికి నూనె పెడితే లోపలికంటా పీల్చేస్తుంది. తర్వాత రంగు నిలబడదు. నీకెన్నిసార్లు చెప్పాలి?"

"నీ వయసెంత, దాని వయసెంత. నాకు తెలీదా దానికేం కావాలో?"

ఒళ్ళు మండిపోయింది. పిడి నిండా సుద్దపొడి చల్లి, నూనె పీల్చేదాకా ఆగి, దులిపి, మళ్ళీ చల్లి, ఇదే పని రెండు రోజులు. ఇటు కస్టమర్లు ఫోన్ల మీద ఫోన్లు. మా ఆయన వంటింటి గట్టు దగ్గర నిలబడి భోంచేస్తున్నాడు. నేను మరకలకి వాడే వెనిగర్ వాసన ఒంటికి పట్టేసిందని ఆఫీసులో ఎవరో అడిగారట. అత్తగారిని ఏమీ అనలేక నా వంక చూస్తాడు. నేనెవరి వంక చూడాలి?

లైనింగు మొత్తం విప్పి బయటికి తీశాను. నీలి మరకలు దూదిపుల్లతో ఒక్కొక్కటే తీశాను. పాల వాసనకు వంటసోడా పోసి, మూత కట్టి, తెరిచి వాసన చూసి, మళ్ళీ పోశాను. పాలిపోయిన వైపు సన్నటి ఉప్పుకాగితంతో రుద్ది, స్పాంజితో పల్చగా రంగు అద్ది, ఆరాక మళ్ళీ అద్ది, రెండు వైపులూ ఒకటే అనిపించేదాకా అద్దాను. పంటి గుంటలు పూడ్చాను. ఇత్తడి బటను పూతకు పంపించాను.

పిడి దగ్గరికి వచ్చేసరికి నాకే చెయ్యి ఆడలేదు. సరిగ్గా అమ్మ నాలుగు వేళ్ళు పట్టే చోట నాలుగు నల్లటి పల్లాలు.

"ఇదొక్కటి ఉంచేద్దామమ్మా," అన్నాను. "ఇది మురికి కాదు. నీ చెయ్యి."

"అందుకే తియ్యమంటున్నాను," అంది.

తీసేశాను. అది కూడా తీసేశాక, నిజం చెప్పొద్దూ, నాకే గర్వంగా అనిపించింది. ఇన్నేళ్ళుగా కస్టమర్లకు చెయ్యనని చెప్పిన పని ఇంత బాగా చెయ్యగలనని నాకే తెలియదు. దుకాణం అద్దాల వెనకాల పెడితే ఇవాళే వచ్చిందని నమ్ముతారు. అమ్మ అటు తిప్పి ఇటు తిప్పి, వంక పెట్టడానికి ఏమీ దొరక్క, "ఊఁ," అంది. మా అమ్మ నోటి వెంట అంతకు మించి మెచ్చుకోలు నేనెప్పుడూ వినలేదు.

పైన వేసిన పూత గట్టిపడాలంటే వారం పడుతుంది, అందాకా చెయ్యి వెయ్యకూడదని చెప్పాను. మర్నాడే బయలుదేరదీసింది.

బస్సులో దారి పొడుగునా చెప్పబోయే మాటలు నా చెవిలో వల్లె వేసింది. "ఇదిగో అక్కా, నీ వస్తువు. నువ్వెలా ఇచ్చావో అలాగే ఉంది. ఇక నీకూ నాకూ మధ్య మాట లేదు." మాట లేదు అన్న తర్వాత ఆగాలా, లేక వెంటనే కన్ను ఎలా ఉందని అడగాలా అని నన్నే సలహా అడిగింది. వెంటనే అడగమన్నాను. ఆగితే గొడవైపోతుంది.

పెద్దమ్మ మంచం మీద దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది. కొత్త కళ్ళద్దాలు. మమ్మల్ని చూసి లేవబోయింది, అంతలో ఏదో గుర్తొచ్చినట్టు మళ్ళీ కూర్చుంది. "రండి," అంది, గోడకేసి చూస్తూ. అమ్మ కుర్చీ అంచున కూర్చుంది. మరుక్షణమే లేచి, బ్యాగు తీసి పెద్దమ్మ ఒళ్ళో పెట్టింది. వల్లె వేసిన మాట ఒక్కటి కూడా బయటికి రాలేదు.

పెద్దమ్మ బ్యాగు గుర్తుపట్టింది. మొహం విప్పారింది. కళ్ళద్దాలు సరిచేసుకుని మూత మీద చెయ్యి వేసింది. పిడి పట్టుకుంది. తిరగేసి అడుగు చూసింది. తెరిచి లైనింగు చూసింది. లోపలికి వంగి వాసన చూసింది. చూసేకొద్దీ ఆ మొహం చిన్నదైపోతూ వచ్చింది.

"అంటే, దీన్ని బీరువాలోంచి బయటికే తియ్యలేదన్నమాట మీ అమ్మ," అంది నాతో.

అమ్మ బిత్తరపోయింది.

"నేను మోసుకు తిరుగుతుందనుకున్నాను. ప్రతిరోజూ సంచీ తగిలించుకుని కుట్టుకి వెళ్తూ, నా బ్యాగు కోర్టుకెళ్తోంది కదా అనుకునేదాన్ని. ఆ రోజు భోజనాల దగ్గర నేనా మాట అన్నది కూడా ఆ పొగరుతోనే." మూత మెల్లగా మూసింది. "నచ్చకపోతే అప్పుడే చెప్పొచ్చుగా. నేనే వాడుకునేదాన్ని."

నేను అమ్మ వంక చూశాను. బస్సులో కండక్టరుతో, కూరల దుకాణం వాడితో, మా ఇంట్లో గోడలతో కూడా మాట్లాడే మనిషి, సరిగ్గా మాట్లాడాల్సిన చోట మూగనోము పట్టి కూర్చుంది. నాకు ఓపిక నశించింది.

"పెద్దమ్మా, ఇది బీరువాలో ఉన్నది కాదు," అన్నాను. "దీనికి ఒకవైపు మొత్తం అరిగిపోయి ఉండేది, బస్సులో అమ్మ నడుముకు రాసుకుని. ఇక్కడ పిడి మీద అమ్మ వేళ్ళ గుర్తులుండేవి. లోపల కార్బన్ మరకలు, నా పాలసీసా కారిన వాసన, ఈ చివర నా పంటి గాట్లు. మూడు వారాలు కూర్చుని ఒక్కొక్కటీ నేనే తీశాను." చేత్తో తీసినవాటిని నోటితో తిరిగి పెట్టాల్సిన ఖర్మ నాకు పట్టింది.

పెద్దమ్మ నమ్మలేదు. నేను చెప్పిన చోటల్లా వేలు పెట్టి తడిమింది. దగ్గరగా పెట్టుకుని చూసింది, దూరంగా పెట్టుకుని చూసింది. ఎక్కడా ఏమీ లేదు. నా పని అంత బాగా వచ్చింది.

"మీ అమ్మని వెనకేసుకురాకమ్మా," అంది నెమ్మదిగా.

అప్పుడు అమ్మ కుర్చీ ముందుకు లాక్కుంది.

"రోజూ వాడానక్కా. రిటైరైన రోజు కూడా ఇదే."

"మరి ఆ వాడిందంతా ఏదీ?"

"తుడిపించేశాను."

"ఎందుకే?"

"నీకు కనబడకూడదని."

పెద్దమ్మ కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఆపరేషనైన కంటికి తడి తగలకూడదని డాక్టరు చెప్పారు, నేను గుర్తుచెయ్యబోయి ఊరుకున్నాను.

"ముప్పై ఏళ్ళు వాడుకుని," అంది, "చూసుకోడానికి నాకొక్క గీతైనా మిగల్చలేదు కదే."

అమ్మ కుర్చీలోంచి లేచి వెళ్ళి మంచం మీద కూర్చుంది. బ్యాగు మూత తీసి, వేసి, మళ్ళీ తీసింది. పెద్దమ్మ ఆ బ్యాగు అమ్మ ఒళ్ళోకి తోసేసింది.

"తీసుకుపో. మళ్ళీ వాడి పట్టుకురా."

"ఈ వయసులో బ్యాగేసుకుని ఎక్కడికి వెళ్ళనక్కా?"

"ఇక్కడికి రా," అంది పెద్దమ్మ.

అమ్మ పిడి గట్టిగా పట్టుకుని ఏడుస్తోంది. పూత ఇంకా ఆరలేదు, వేలిముద్రలు పడతాయని నేను చెబుతూనే ఉన్నాను. ఇద్దరిలో ఒక్కరూ వినిపించుకోలేదు.