రంపపు పొట్టు

వ్యాగన్ ఇరుసు చివరనున్న యాక్సిల్ బాక్సు మూత విప్పే ముందు గోవిందరావు దాని కింద తొట్టి పెట్టాడు. పాత కిరసనాయిలు డబ్బాను నిలువునా కోసి, అంచులు సుత్తితో మడిచి తానే చేసుకున్న తొట్టి అది. బోల్టు వదులవగానే నల్లటి నూనె తీగలా సాగి అందులో పడింది. ధార సన్నబడి బొట్లుగా మారేదాకా గొంతుక్కూర్చుని చూశాడు. పొట్టి మనిషి. గోళ్ల సందుల్లో దిగిన నలుపు ఏ సబ్బుకూ లొంగదు. చేతులు తుడుచుకునే నూలుచిక్కును కూడా పారేయడు, సోడాలో ఉడికించి, ఆరేసి మళ్లీ వాడతాడు. తొట్టిలో నూనెను గుడ్డలో వడగట్టి షెడ్డు తలుపుల బందులకు, తోపుడు బళ్ల చక్రాలకు పోస్తాడు. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో అతన్ని అందరూ నూనె గోవిందు అంటారు.

రేపు విశ్వకర్మ పూజ. ముందురోజు మధ్యాహ్నం బకెట్లతో నీళ్లు కొట్టి షెడ్డు కడగడం అక్కడి ఆనవాయితీ. నేల మీద ఏడాదిపాటు పేరుకున్న నూనె ఆ నీళ్లతో కాలవలో కలిసి, గోడ దాటి, తాముండే ఓల్డ్ సెటిల్‌మెంట్ కాలనీ వెనక గుంటలోకి పోతుంది. కిందటేడు పూజ మర్నాడు భార్య గంగాభవాని ఆ గుంట గట్టున, అక్కడివాళ్లు కల్మీ అనే తూటికూర కోసుకొచ్చి వండింది. అన్నంలో కలిపితే నూనె కంపు. పక్కింటి సింహాచలమ్మ బాతులు రెక్కలు అంటుకుపోయి ఒడ్డునే చచ్చిపడి ఉన్నాయి. పాపం ఎవరిదోనని సింహాచలమ్మ తిట్టిపోస్తుంటే గోవిందరావు పళ్లెం ముందునుంచి లేచిపోయాడు. బకెట్లు ఎత్తిన చేతుల్లో అతని చేతులూ ఉన్నాయి.

ఈ ఏడు ఆ నూనె కాలవ ముఖం చూడకూడదనుకున్నాడు. రోజూ భోజనాల వేళ వడ్రంగి షాపుకు వెళ్లి రంపపు పొట్టు బస్తాలకెత్తి, మోసుకొచ్చి గోడవారన పేర్చాడు. నూనె పీల్చిన పొట్టును కొలిమిలోకి తీసుకుంటానని కమ్మరి షాపు విల్‌ఫ్రెడ్ మాటిచ్చాడు.

ఇవాళ పొద్దున్న ఎడమచెయ్యి బరువుగా ఉందంటే గంగాభవాని గుమ్మానికి అడ్డంగా నిలబడింది. డ్యూటీ మానేసి పడుకోమంది.

"నాను పోకపోతే ఆళ్లు నీళ్లు కొట్టెస్తారే. రేపెల్తే ఇంకేటున్నాది ఊడవడానికి?" అని ఆమె పక్కనుంచి తప్పుకుని వచ్చేశాడు.

మధ్యాహ్నం బస్తా మూతి విప్పుతుంటే మేస్త్రీ జగ్గారావు బకెట్ల వాళ్లను వెంటబెట్టుకొచ్చాడు.

"పూజకి నేల కడగాల గానీ సెత్త సల్లుతావేటి గోవిందూ? ఇస్సకర్మ బాబుకి కోపం రాదేటి?"

"ఆ బాబూ కర్ర సెక్కినోడే కదా మేస్త్రీ. పొట్టంటే ఆయనకేటి రోత?"

బకెట్ల వాళ్లు నవ్వేశారు. జగ్గారావుకూ నవ్వొచ్చింది గానీ మీసం దువ్వుకుని ఆపుకున్నాడు.

"ఠీక్ హై. సైరన్ ఏసేలోగా అవ్వాల. నేదంటే ఎక్కడున్నది అక్కడే, నీళ్లు కొట్టించెస్తాను."

గోవిందరావు దోసిళ్లతో పొట్టు చల్లాడు. పచ్చటి పొట్టు చూస్తుండగానే కాఫీ రంగుకు తిరిగి ముద్దకట్టింది. నడుం వంచి చీపురుతో ఊడ్చి, తిరిగి బస్తాకెత్తి, మళ్లీ చల్లాడు. రంగులేసే బెంగాలీ దాదా ఒకడు, ఇంట్లో కూడా వదినకి ఇలాగే ఊడ్చిపెడతావా అని బెంగాలీలో ఎగతాళి చేశాడు. గోవిందరావు ఇంకో దోసిలి చల్లాడు. మధ్యమధ్య చీపురు చంకన పెట్టి కుడిచేత్తో ఎడమ భుజం రుద్దుకున్నాడు. షెడ్డులో పట్టాల లైన్లు ఒక్కొక్కటే శుభ్రమవుతూ వచ్చాయి. చివరి లైను మిగిలింది. ఊపిరి అందక, ఒక్క క్షణం అనుకుని వ్యాగన్ చక్రానికి ఆనుకుని కూర్చున్నాడు. చీపురు ఒళ్లోనే పెట్టుకున్నాడు.

సైరన్ మోగింది. జగ్గారావు బకెట్టుతో వచ్చాడు.

"లెగు గోవిందూ. ఆ కాసింతా నీళ్లతో పోద్దిలే."

పలకలేదు. భుజం పట్టి కదిపితే తల మెల్లగా చక్రం మీదికి ఒరిగింది.

స్ట్రెచర్ మీద రైల్వే ఆసుపత్రికి తీసుకుపోయారు. ప్రాణం దారిలో పోలేదనీ, షెడ్డులోనే పోయిందనీ డాక్టరు చెప్పినట్టు కాసేపటికి కబురొచ్చింది.

బకెట్ల వాళ్లు మేస్త్రీ మొహం చూస్తూ నిలబడ్డారు. జగ్గారావు తన బకెట్టును గోడవారన దించాడు. కండువా నడుముకు చుట్టి, చివరి బస్తా మూతి విప్పాడు. దాదా వచ్చి నేల మీది చీపురు అందుకున్నాడు. ఆ లైను ఊడవడం పూర్తయ్యాకే నీళ్లు చల్లారు. కాలవలోకి మట్టినీళ్లు మాత్రమే పారాయి.

మర్నాడు బంతిపూల దండల కింద మిషన్లన్నీ మెరుస్తున్నాయి. గోవిందరావు విప్పిన యాక్సిల్ బాక్సు కింద తొట్టి మాత్రం అలాగే ఉంది, దాన్ని తీయడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. ఉండుండి ఒక్కో నల్లటి బొట్టు అందులోకి రాలుతూనే ఉంది.