సరస్సు అవతలి ఒడ్డు

ఆటలో చెల్లెలు ఎప్పుడూ పొగమంచులోంచి ఊడిపడేది. అక్కకు గిట్టనిది అదే.

చెల్లెలు పెళ్ళి చేసుకుని దూరం వెళ్ళి, అక్కడి ఆసుపత్రిలో నర్సుగా చేరింది. ఒకరికి సెలవు దొరికితే ఇంకొకరికి దొరకదు. చూసుకుని ఏళ్ళయింది. అందుకని ఆదివారం మధ్యాహ్నాలు కంప్యూటర్లో ఒక పొలం ఆటలో కలుసుకుంటారు. అందులో అక్కకో గుడిసె, నాలుగు కోళ్ళు, ముందొక సరస్సు. అయితే అక్క కంప్యూటర్ పాతది. గుడిసె వాకిలి దాటితే తెల్లటి మంచు తప్ప ఏమీ చూపించదు.

చిన్నప్పుడు బడి వదిలే వేళకు అక్క వీధి మొదట్లో నిలబడేది. ఆ చివర చుక్కలా కనిపించిన చెల్లెలు, ప్రతి గుంతా గెంతుకుంటూ దగ్గరకొచ్చేసరికి మనిషయ్యేది. వచ్చాక చూడటం వేరు, వస్తుండగా చూడటం వేరు. ఆ రావడం ఇంకొక్కసారి చూడాలని అక్క ప్రాణం కొట్టుకునేది.

“కళ్ళజోళ్ళ షాపులో అందరికీ అద్దాలు బిగిస్తావు, నీకే చూపు ఆనదు” అని చెల్లెలు ఏడిపించేది.

చివరికి అక్క ఒక సాయంత్రం షాపు నుంచి అటే కంప్యూటర్ సామాన్ల కొట్టుకు వెళ్ళింది. ఆటలో బొమ్మలు బాగా చూపించే గ్రాఫిక్స్ కార్డు కావాలి, మరీ ఖరీదైనది వద్దంది. కొట్టాయన రెండు తీసి బల్ల మీద పెట్టాడు. ఒకటి రెండు ఫ్యాన్లది, ఎవరో వాడి అమ్మేసింది. దాని మీద సరస్సు నీళ్ళలో మబ్బులు కూడా కనిపిస్తాయన్నాడు. అక్క మనసు అటే లాగింది. కానీ దానికి విడిగా కరెంటు వైరు కావాలట. అక్క కంప్యూటర్ డబ్బాలో ఆ వైరే లేదు. కరెంటిచ్చే పెట్టెను కూడా మార్చాలంటే అనుకున్న ఖర్చు దాటిపోతుంది. రెండోది అరచేతి పొడవుది, ఒకటే ఫ్యాన్. ఉన్న కరెంటుతోనే నడుస్తుంది. దీంతో అన్నీ రావు, కొన్ని వదులుకోవాలి అన్నాడు.

“దూరం కనిపిస్తుందా?” అని అడిగింది అక్క.

“నీడలు, నీళ్ళ మెరుపు, ముఖాల నునుపు తగ్గించుకోండమ్మా. దూరం పెంచుకోవచ్చు. మనుషులు మాత్రం మట్టిబొమ్మల్లా ఉంటారు.”

“ముఖం నాకు తెలిసిందేలెండి” అని చిన్నదే కట్టించుకుంది.

ఆదివారం, కార్డు బిగించుకుని, కలిసే వేళకు చాలా ముందే కూర్చుంది. నీడలు తీసేసింది. నీళ్ళు నీలం గుడ్డ పరిచినట్టయ్యాయి. కోళ్ళు పిండిముద్దల్లా మిగిలాయి. దూరం మాత్రం చివరిదాకా జరిపింది. మంచు విడిపోయింది. సరస్సు, దాని వెనక దారి, ఆ వెనక కొండ.

అవతలి ఒడ్డున ఎవరో కూర్చుని ఉన్నారు. ఎర్ర టోపీ. చెల్లెలిదే.

అక్క మైకు పెట్టుకుంది. “ఎంతసేపైందే వచ్చి?”

చెల్లెలు నవ్వింది. “కనిపించానా? నేనెప్పుడూ ముందే వస్తానక్కా. నా దాంట్లో నువ్వు బాగానే కనిపిస్తావు. కోళ్ళకు గింజలేస్తావు, వాకిట్లో అటూ ఇటూ తిరుగుతావు, నేనొచ్చే వేళకి గుమ్మంలో నిలబడతావు. ఇక్కడ కూర్చుని చూస్తా.”

“మరి రావేం?”

“వస్తే మొదలైపోతుంది. మొదలైతే అయిపోతుంది కదా.”

ఇన్ని ఆదివారాలూ అక్క తానొక్కతే ఎదురుచూస్తున్నాననుకుంది.

“ఇవాళ మెల్లగా రావే” అంది. “నేనూ చూస్తాను.”

ఎర్ర టోపీ లేచింది. సరస్సు చుట్టూ తిరిగే దారి పట్టింది. ఆ దారిలో గుంతలేమీ లేవు. అయినా నాలుగడుగులకొకసారి గెంతుతూ వస్తోంది. ఆ గెంతు చూసి అక్క కీబోర్డు మీంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకుంది.