కుప్పమ్మకు కట్టిన చెట్టు

నా కుడి చేయి పూర్తిగా నాదని నేను చెప్పుకోలేను. అందులో సగం రాజారత్నానిది, మిగతా సగం కుప్పమ్మది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా అమ్మ సుబ్బులమ్మ అంటుంటుంది. నిజమే. అలాంటివాణ్ని దారికి తెచ్చినవాళ్లకు ఎంత ఓపిక ఉండాలో ఇప్పుడు తెలుస్తోంది.

యుద్ధం ముగిశాక నేను చిత్తూరు చేరింది పంతొమ్మిదివందల నలభై ఆరు మొదట్లో. మిలిటరీలో నాది మోటారు సైకిలు మీద ఉత్తరాలు చేరవేసే పని. ఇంఫాల్ కొండదారిలో ఒకనాడు వానలో బండి లోయలోకి జారింది. నా వెనక కూర్చున్న చిన్నబ్బ, మా జిల్లావాడే, మళ్లీ లేవలేదు. నేను లేచాను. ఎముకలు అతికాయి, గాయాలు మానాయి గానీ కుడి చేయి వణకడం మొదలుపెట్టింది. కాఫీ గ్లాసు పట్టుకుంటే నాకంటే నా చొక్కాయే ఎక్కువ తాగేది. మిషన్ ఆసుపత్రి డాక్టరమ్మ చేతిని అటూ ఇటూ తిప్పి చూసి, నరం తెగలేదు, ఎముక వంకరపోలేదు, నీ భయం దిగాలి అంది. దానికి మాత్ర ఉందా అని అడిగితే లేదని నవ్వింది. నాకు ఒళ్లు మండింది.

చిత్తూరులో బస్సులు తిప్పే మొదలియారు నాకు డ్రైవరు పని ఇస్తానన్నాడు. అయితే ఉగాదిలోపు చేయి కుదుటపడాలి, లేకపోతే ఇంకొకణ్ని పెట్టుకుంటానన్నాడు. ఆయన తప్పేమీ లేదు, ముప్పైమంది ప్రాణాలు వణికే చేతిలో ఎవరు పెడతారు? నాకా, బండి తోలడం తప్ప మరో విద్య రాదు. ఆ పని పోతే అమ్మా నేనూ గాలి భోంచేయాల్సిందే.

రాజారత్నం ఆ మొదలియారు షెడ్డులోనే మెకానిక్కు. చర్చి వీధిలో ఇల్లు. నాకు గోలీలాటనాటి స్నేహితుడు. మిలిటరీవాళ్లు మద్రాసులో వేలం వేసిన పాత మోటారు సైకిలు ఒకటి తెచ్చుకుని, నట్టు నట్టూ విప్పి మళ్లీ బిగించాడు. నా వైద్యం కనిపెట్టింది అతనే. పూతలపట్టుకు ఇవతల ఈతవనంలో ఎల్లప్ప అని కల్లు గీసే ఆయన ఉన్నాడు. ఒకే చెట్టు కల్లు నలభై రోజులు పొద్దున్నే తాగితే నరాలు గట్టిపడతాయని మా వైపు నమ్మకం. ఒంటిచెట్టు కల్లు అంటారు. మనిషి పేరు చెప్పి చెట్టుకు గుడ్డపీలిక కడతారు. అప్పట్నుంచి ఆ చెట్టు ఆ మనిషిదే. ఇంకొకరు గుక్కెడు తాగినా చెట్టు ఎంగిలి పడుతుంది, గుణం పోతుంది.

ఇక్కడే వచ్చింది చిక్కు. మా నాయన గోవిందయ్య కల్లు తాగి తాగి పొలాన్నీ ఇంటినీ చివరికి ప్రాణాన్నీ పోగొట్టుకున్నాడు. నా పదిహేడో ఏట అమ్మ నన్ను కాణిపాకం తీసుకుపోయి, నెత్తిన నీళ్లు పోసి, వినాయకుడి ముందు నిలబెట్టి, కల్లు ముట్టనని ప్రమాణం చేయించింది. కాణిపాకం ప్రమాణమంటే మా జిల్లాలో కోర్టు తీర్పుకన్నా గట్టిది. ఇప్పుడు ఆ అమ్మే, మందుకు ప్రమాణం అంటదు, దేవుడితో నేను మాట్లాడుకుంటాలే పో అంటోంది. ఆమె మాట్లాడుకుంటుంది సరే, ప్రమాణం చేసిన నోరు నాది కదా. కాదంటే అమ్మ ఏడుస్తుంది, ఔనంటే దేవుడు చూస్తున్నాడు. కక్కలేక మింగలేక బండెక్కాను.

అవి పెట్రోలుకు కూపన్లు ఇచ్చే రోజులు. డాక్టరమ్మ కారును రాజారత్నమే బాగుచేసేవాడు కాబట్టి ఆమె తన కూపన్లలో సగం మాకిచ్చింది. మాత్ర లేదని నవ్విన మనిషి పెట్రోలు ఇస్తుందని నేను అనుకోలేదు. దినమూ తెల్లవారగానే బయల్దేరేవాళ్లం. రాజారత్నం తోలేవాడు, నేను వెనక కళ్లు మూసుకుని అతని నడుం పట్టుకునేవాణ్ని. మొదటి వారం ఆ దారి నాకు వాసనలతోనే తెలిసింది. చెరుకు గానుగల దగ్గర కాగుతున్న బెల్లం, తర్వాత మామిడి పూత, ఏటి ఇసుక దాటాక కాణిపాకం వీధిలో కర్పూరం. ఆ కర్పూరం వాసన రాగానే తల వంచుకునేవాణ్ని.

ఎల్లప్పది వనం అంచున చిన్న కల్లు కొట్టం. పులుస్తున్న ముంతలు వరుసగా ఉండేవి, నురగ పొంగి అంచులమీదుగా కారేది. మనిషి సన్నగా, ఎండిన ఈతమట్టలా ఉండేవాడు. ఎక్కువ మాట్లాడడు. భార్య కుప్పమ్మ చలికాలం జ్వరంతో మంచాన పడి లేచిందట, ఇంకా గోడ పట్టుకుని నడిచేది. ఎల్లప్ప ఒక చెట్టు చూపించి, ఇది నీ చెట్టు అన్నాడు. దానికి ఎర్రంచు ఉన్న పసుపు పీలిక కట్టి ఉంది. ముంత దించి మోదుగాకు దొన్నెలో పోసి ఇచ్చాడు.

చేయి వణుకుతుంటే నలుగురిలో తాగలేనని చెప్పి తంగేడు పొద వెనక్కి పోయాను. అబద్ధం కాదు, సగం నిజం. అక్కడ దొన్నె వంచితే కల్లు పొద మీద కాదు, నా కాళ్ల మీద పడింది. మూతి తుడుచుకుంటూ బయటికి వచ్చి, బాగుందన్నాను. దినమూ ఇదే నాటకం. మూడో రోజు కుప్పమ్మ కోళ్లు రెండు ఆ పొద చుట్టూ ఒరిగి ఒరిగి నడుస్తుంటే, కోళ్లు కూడా మిలిటరీలో చేరి కవాతు చేస్తున్నాయని రాజారత్నం నవ్వాడు. నేను గబగబా వాటిని అదిలించి తరిమాను.

పదహారో రోజు రాజారత్నం అందరికీ పోసే ముంతలోంచి మూడు దొన్నెలు తాగి, తాళంచెవి నా చేతిలో పెట్టాడు.

"నువ్వు తాగింది ఒక దొన్నె, నేను తాగింది మూడు. తక్కువ తాగినోడే తోలల్ల అబ్బా," అన్నాడు.

నేను తోలనన్నాను. తిట్టాను. అతని తాతముత్తాతల దాకా పోయాను. అతను విననట్టు వెనక సీటు మీద కూర్చుని, మామిడిచెట్ల వైపు చూస్తూ ఉన్నాడు. నా వెనక మళ్లీ ఒక మనిషి. చిన్నబ్బ బరువు నాకు గుర్తుంది, అంతే బరువు. ఎండ ఎక్కుతోంది, అతనికి షెడ్డులో పనికి పొద్దుపోతోంది. చివరికి బండి నడిపాను. ఎద్దులబండి కూడా మమ్మల్ని దాటిపోయేంత మెల్లగా. ఒళ్లంతా చెమట. కాణిపాకం దాటాక రాజారత్నం నా భుజం మీద చేయి వేసి, చిత్తూరు దాకా తీయలేదు. ఆ చేయి బరువు నేను చచ్చేదాకా మరిచిపోను. మర్నాటినుంచి తిరుగు ప్రయాణం నాది, తర్వాత రానూపోనూ నాదే. కళ్లు తెరిచి చూస్తే మామిడి పూత పిందెలైంది.

ముప్పై మూడో రోజు ఎల్లప్ప వనం లోపల ఉన్నాడు. రాజారత్నం బండికి గాలి కొడుతున్నాడు. దొన్నె కుప్పమ్మ తెచ్చి ఇచ్చింది. ఆమె కట్టుకున్న పాత చీర పసుపుది, అంచు ఎర్రది, కొంగు చివర చింపి ఉంది. నేను చెట్టు వైపు చూశాను. పీలిక వైపు చూశాను. ఇది ఎవరికి కట్టిన చెట్టని అడిగాను.

"నాకే కట్టినాడు నాయనా, కాళ్లకు బలం వస్తాదని," అంది. "ఈ యేడు గీతకు వచ్చిన మంచి చెట్టు ఇదొకటే ఉండాది. యుద్ధం నుంచి వచ్చిన పిల్లోడు, వాళ్లమ్మకు వాడొకడే అని ఆ రాజారత్నం సెప్పె. సరే, నాకు వచ్చే యేడు కట్టు అంటి."

దొన్నె నా చేతిలో ఉంది. ముప్పై రెండు రోజులు ఆమె కాళ్ల బలం నేను తంగేడు పొదకు పోశాను. నాకు సిగ్గేసింది. ఇంత సిగ్గు నాకు ఎప్పుడూ తెలియదు. ఎల్లప్ప వచ్చేదాకా ఆగి, ఇద్దరి ముందూ చెప్పేశాను. ప్రమాణం సంగతి, అమ్మ సంగతి, పొద సంగతి. రాజారత్నం పంపు వదిలేసి నిలబడిపోయాడు. కొడతారేమో కొట్టనీ అనుకున్నాను.

ఎల్లప్ప నడుముకున్న కత్తి తీసి పక్కన పెట్టి, నింపాదిగా కూర్చున్నాడు.

"మాకు తెలీదా అప్పా. మూడో పొద్దే కోళ్లు సెప్పేసినాయి," అన్నాడు. "అడిగేద్దామంటి. ఇదే వొద్దన్నది."

నేను కుప్పమ్మ వైపు చూశాను.

"మొదటి పొద్దు నీ కాళ్ల మీదే పోసుకుంటివి, తడి కాళ్లు సూస్తి," అంది ఆమె. "పదో పొద్దుకు పొదంతా సల్లితివి. నిన్న సూస్తి, దారం మాదిరి సన్నంగా పొద మొదట్లోనే పడె. తాగితే ఏమి, పారబోస్తే ఏమి నాయనా, సెయ్యి కుదురుకుంటా ఉండాది గదా. తెలిసిందని సెప్పింటే నువ్వు మళ్లా వచ్చిందువా?"

ఒక పరాయి తల్లి ఆ గోడ పట్టుకుని నిలబడి, తన మందు నేలపాలవుతుంటే, మందును కాక నా చేతిని చూస్తూ ఉంది, ముప్పై రెండు పొద్దులు. ఏడ్చాను. దాచుకోలేదు.

ఎల్లప్ప మాత్రం ఇంకేదో లెక్కలో ఉన్నాడు. కాసేపటికి తల ఎత్తి, "నీ నోరు తగల్లేదు గదప్పా. అయితే చెట్టు ఎంగిలి పడలా. అది ఇంకా దీని చెట్టే," అన్నాడు. ఎండలు ముదిరేదాకా పారుతుందని, రేపటిదాకా ఎందుకు, ఇప్పుడే మొదలుపెడదామని ముంత నా చేతికిచ్చాడు.

కుప్పమ్మ దొన్నె పట్టుకుంది. నేను కుడి చేత్తో ముంత వంచాను. నిండేదాకా పోశాను. ఒక్క చుక్క కూడా పక్కకు పోలేదు. ఆమె తాగి, పుల్లగా ఉందని మొహం చిట్లించింది. అప్పుడు అందరం నవ్వాం.

ఉగాదికి రెండు రోజుల ముందు మొదలియారు పక్కన కూర్చోగా బొగ్గు గ్యాసుతో నడిచే బస్సును పూతలపట్టు దాకా తోలి చూపించాను. పని ఇచ్చాడు. అమ్మకు సంగతంతా చెప్పి, నీ దేవుడితో నువ్వు మాట్లాడుకోనక్కరలేదులే అన్నాను. ఆమె ఎల్లప్పకు బియ్యం మోసుకుపోయింది. వేసవి నడిమికి కుప్పమ్మ గోడ వదిలి నడిచింది. ఆ యేడే మద్యనిషేధం వచ్చి గీత ఆగిపోయింది, ఎల్లప్ప చెరుకు గానుగ పనికి మారాడు. వచ్చే యేడు కడదామనుకున్న చెట్టు ఎవరికీ కట్టే వీలు లేకపోయింది. నలభై నిండేదాకా నేను ఇంకో ఏడు రోజులు నోరు మూసుకుని ఉంటే కుప్పమ్మ కాళ్లు ఏమయ్యేవో తలుచుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది.

ఇప్పుడు దినమూ రెండుసార్లు ఆ దారినే బస్సు తోలుతున్నాను. ఈతవనం మలుపులో చక్రం మీంచి కుడి చేయి తీసి, నుదుట ఆనించి దండం పెడతాను. మలుపులో చేయి తీస్తావా అని ప్రయాణికులు తిడతారు. నా కోపం సంగతి తెలిసి కూడా తిడతారు. తిట్టనీ.