గుమ్మడి టమాట పిడక

టమాట గింజకు మొఖం ఉండదు. బీర గింజనూ సొర గింజనూ చూడగానే చెప్పొచ్చు. టమాట గింజ మాత్రం ఏ జాతిదైనా ఒకే తీరు, నూగు పట్టిన చిన్న పెచ్చు. ఎల్లక్కకు ఈ సంగతి చిన్నప్పటి నుంచీ తెలుసు. తెలిసి కూడా చెల్లె ఇచ్చిన గింజలను అనుమానించలేదు. సొంత చెల్లెను అనుమానించాలని ఎవరికి మాత్రం తోస్తుంది?

స్టేషన్ ఘన్‌పూర్ దగ్గరి ఊళ్లో ఎల్లక్క పెరట్లో కాసే టమాట బజారులో దొరికేది కాదు. గుమ్మడికాయకు పిల్ల పుట్టినట్టు చుట్టూ చాళ్లు పడి ఉంటుంది. తోలు పలుచన. గంపకెత్తితే అడుగున ఉన్నవి నీరైపోతాయి, అందుకే దాన్ని ఎవరూ అమ్మకానికి పండించలేదు. పులుపు మాత్రం చింతపండు అక్కర లేని పులుపు. ఎల్లక్క తల్లి తన పుట్టింటి నుంచి తెచ్చుకున్న విత్తనం అది. ఏటా మంచి పండొకటి చూసి తొడిమకు ఎర్రదారం కట్టేది. అది చెట్టు మీదే మెత్తబడ్డాక గింజలు పిండి, బూడిదలో కలిపి, పిడకకు పూసి ఆరబెట్టేది. పోయే ముందు ఆ పిడక పెద్దబిడ్డ చేతిలో పెట్టి ఒక మాట చెప్పింది.

"పిడక విరవొద్దు బిడ్డా. ఇస్తే నిండు పిడక ఇయ్యాలె, తెచ్చుకుంటే నిండు పిడక తెచ్చుకోవాలె. సగం సగం చేస్తే ఏ ఇంట్ల గూడ బతకది."

నిరుడు ఎల్లక్క కొడుకు ఇల్లు మొదలుపెట్టాడు. పెరడంతా ఇసుక, కంకర, ఇనుప సలాకలు. మొక్క పెట్టే జాగా లేదు. గింజ ఏడాది మన్ను చూడకపోతే అలుగుతుందని తల్లి అనేది. ఎల్లక్క పిడకను పాత చీర పేలికలో చుట్టుకొని కొడకండ్ల అవతల ఉన్న చెల్లె సుజాత ఇంటికి పోయింది.

"ఈ యేడు నీ పెరట్ల బతకనియ్యి చెల్లే. మల్ల ఎండకాలం నా పిడక నాకియ్యి."

"ఇయ్యకుంటే ఏం జేస్తవే?" అని నవ్వింది సుజాత. ఎల్లక్క కూడా నవ్వింది.

సుజాత మాట తప్పలేదు. ఎండాకాలంలో తానే వచ్చి పిడక ఇచ్చిపోయింది. దానికి ఎర్రదారం చుట్టి, తల్లి వేసే రెండు మెలికల ముడే వేసింది. ఆ ముడిని చూసి ఎల్లక్క కళ్లు తుడుచుకుంది. మిర్గం కార్తె తొలి వానలకు నారు పోసింది. కొత్త ఇంటి వెనక మడి చేసి నాటింది. పెంట ఎరువు వేసింది, కోతులు రాకుండా చుట్టూ పాత చీరలు కట్టింది. దసరా ముందర కాయలు పండబారాయి. ఒక్క కాయకు కూడా చాళ్లు లేవు. కోడిగుడ్ల లాగ నున్నగా, గట్టిగా ఉన్నాయి. ఏ ఊరి అంగడిలోనైనా కుప్ప పోసి అమ్మే టమాటలు.

నాలుగు కాయలు కొంగున కట్టుకొని కొడకండ్ల బస్సెక్కింది.

సుజాత వాటిని చేతిలో తిప్పి చూసింది.

"నీ మన్ను మారిందక్కా. ఇల్లు గట్టిన సిమెంటు నీళ్లన్ని గా మడిలకే ఇంకినయేమో."

"సిమెంటుకు చాళ్లు మాయమైతయానే?"

"నాకేమెరుక? నా పెరట్ల గూడ గిట్లనే కాసినయ్. జాతే చెడిపోయిందనుకొని ఊకున్న. చెప్తే నువ్వు పరేషాన్ అయితవని చెప్పలె."

ఎల్లక్క నమ్మింది. నమ్మాలనే వచ్చింది. బస్సులో కూర్చున్నంత సేపూ ఇలాంటి మాటేదో ఒకటి చెల్లె నోట వినాలనే మొక్కుకుంది.

అంతలో పెరటి తలుపు తీసుకొని సుజాత మొగుడు మల్లేశం లోపలికి వచ్చాడు. తువాల నిండా ఏవో ఉన్నాయి.

"ఓ వదినా, ఎప్పుడొచ్చినవ్? మంచిగైంది. మీ అవ్వ టమాట ఈసారి మస్తు కాసింది. నీ చెల్లె ఎవ్వల్నీ చెయ్యి బెట్టనిస్తలేదు. నువ్వొచ్చినంక నేనెందుకాగుత?"

తువాల విప్పి ఎల్లక్క ముందర పెట్టాడు. చుట్టూ చాళ్లు పడ్డ ఎర్రటి పండ్లు. ఒకదాని తొడిమకు దారం కూడా ఉంది. మల్లేశం కాళ్లు కడుక్కోవడానికి బయటికి పోయాడు.

"పాపం, నీ మొగనికి చెప్పుకోలేదా?" అంది ఎల్లక్క.

సుజాత తల ఎత్తలేదు.

"నా పిడకకు ఏం గింజలు పూసినవ్?"

"అంగట్ల టమాటలు తెచ్చి పిండిన."

"పిండితే పిండినవు. అవ్వ ముడి ఎట్ల ఏసినవే దాని మీద? చెయ్యెట్ల ఆడింది?"

"నాకు గూడ అవ్వనే గదా నేర్పింది." సుజాత గొంతు ఇప్పుడు గట్టిపడింది. "ముడి నాకు నేర్పింది, పిడక నీకిచ్చింది. ఏడాదికోపారి నువ్వు బుట్టెడు పంపుతవు. మా అక్క పంపిందని వాడకట్టంత చెప్పుకుంట తిన్న. ఒక్క మొక్కియ్యే అంటే, పిడక విరవొద్దన్నవు."

"అది అవ్వ మాట."

"నీకు అక్కెరకొచ్చిన మాట."

"నిరుడు నిండు పిడక తెచ్చి నీ ఒళ్లె పెట్టలేదానే?"

"జాగ లేక పెట్టినవ్."

ఎల్లక్క తువాలలోని పండ్ల వైపు చెయ్యి చాపి, మళ్లీ వెనక్కి తీసుకుంది.

"ఒక్క పండియ్యి. ఇంటికి తీస్కపోత."

"తిను. ఎన్ని గావాల్నో తిను. ఎప్పుడొచ్చినా వండి పెడత. మొక్క మాత్రం నా పెరట్లనే ఉంటది. గిన్నేండ్లు నేను నీ బుట్ట కోసం చూసిన. ఇగ నువ్వు రా, నా ఇంటికి."

ఆ మాట అంటూనే కత్తిపీట ముందుకు లాక్కొని ఒక పండును ముక్కలు కోసింది. ఉప్పు చల్లి పళ్లెం ముందుకు జరిపింది. మిగతావి తువాలతో సహా లోపలికి తీసుకుపోయి తలుపు దగ్గరికి వేసింది.

ఎల్లక్క ముక్క నోట్లో పెట్టుకుంది. అదే పులుపు. దవడలు గుంజుకుపోయాయి. పలుచని తోలు, మెత్తటి గుజ్జు గొంతు దిగాయి. గింజలను నాలుకతో ఒక పక్కకు తోసింది. ఎన్నో ఏళ్లుగా పోకచెక్క దాచుకున్న బుగ్గ అది. ఇంకో ముక్క తిన్నది. మరొకటి. పళ్లెం ఖాళీ అయ్యేసరికి బుగ్గ నిండింది. తన తల్లి విత్తనాన్ని తానే దొంగలా నోట్లో పెట్టుకొని లేచింది.

"వదినా, అన్నం తినవా?" అని మల్లేశం అడిగితే వద్దని చెయ్యి ఊపింది.

సుజాత రోడ్డు దాకా వెంట వచ్చింది. దారి పొడుగునా ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉంది. కొత్త ఇంటికి రంగు ఏం వేస్తున్నరంది. మోకాలి నొప్పికి దవాఖానకు పోతున్నవా అంది. పాలకుర్తి వైపు నుంచి బస్సు వస్తుంటే ఎల్లక్క చెయ్యి పట్టుకుంది.

"తిట్టన్న తిట్టక్కా. గట్ల మూగి లెక్కుంటే ఎట్ల?"

ఎల్లక్క పెదవులు బిగించుకొని చెయ్యి విడిపించుకుంది. బస్సు వచ్చి, వచ్చిన దిక్కుకే మళ్లుకొని నిలబడింది. ఆమె మెట్టు ఎక్కింది.

"పోయొస్త అనవా?"

ఆ వైపు ఎవరూ ఆ మాట అనకుండా ఇల్లు కదలరు. చెప్పకుండా పోయేది ఒక్క చావింటి నుంచే. సుజాత మొఖంలో రంగు పోవడం ఎల్లక్క చూసింది. నోరు తెరిస్తే గింజలు జారతాయి. తెరవలేదు.

బస్సు కదిలింది. కండక్టరమ్మ దగ్గరికి వచ్చి, "ఏడికవ్వా?" అంది.

ఎల్లక్క కొంగు అరచేతిలో పరుచుకొని గింజలన్నీ అందులో ఉమిసింది. కండక్టరమ్మ మొఖం పక్కకు తిప్పుకుంది.

"ఘన్‌పూర్" అంది ఎల్లక్క.

ఇప్పుడు నోరు ఖాళీగా ఉంది. మలుపు ఇంకా రాలేదు. కిటికీలోంచి చూస్తే, చెల్లె రోడ్డు మీద చెయ్యి కొంచెం ఎత్తి అలాగే నిలబడి ఉంది. తల బయటపెట్టి ఒక్క మాట అంటే వినబడే దూరమే.

ఎల్లక్క తల వంచి, కొంగుకు రెండు మెలికల ముడి వేసుకుంది.