తీర్మానం ప్రకారం శుభ్రమైన రివాల్వరు

మోంటానాలోని మా తుపాకీ సంఘంలో ఒక కఠిన నియమం ఉంది. సంఘం రివాల్వరును చివరిగా తీసుకువెళ్లినవారు దాన్ని శుభ్రం చేయకపోతే ఏడాదిపాటు పోటీలకు అనర్హులు.

శనివారం పోటీలో వెర్డెల్ స్టోర్లీ రైఫిల్ వంతులన్నీ బాగా కాల్చింది. మిగిలింది రివాల్వరు వంతు. డెబ్బై ఒక్క ఏళ్ల ఆ వితంతువు పతకానికి అంత చేరువగా ఎన్నడూ రాలేదు. సొంత రివాల్వరు లేదు గనుక సంఘానిది అందుకుంది. ఆమె పొడవైన తూటాలు దాని సిలిండరులోని ఆరు గదుల్లో ఒక్కదానిలోనూ పూర్తిగా దిగలేదు.

అధ్యక్షుడు ఎల్డన్ హౌగెన్ పుస్తకం తెరిచి, గురువారం నాటి చివరి సంతకం ఆమెదేనని చూపి, అనర్హత ప్రకటించాడు. తాను శుభ్రం చేసే తిరిగి ఇచ్చానని వెర్డెల్ చెప్పింది. రివాల్వరు ఉంచే బీరువా తాళంచెవి తన దగ్గరే ఉండే అధ్యక్షుడికి, దాన్ని తీసుకోవడానికి సంతకంతో పనిలేదు.

నియమావళికి బాధ్యురాలిని నేను. సిలిండరును వెలుగుకు ఎత్తి చూశాను. ప్రతి గదిలోనూ మసి ఉంగరంలా గట్టిపడి ఉంది. పొట్టి తూటాకూ పొడవైనదానికీ లావు ఒకటే. పొడవులో గోధుమ గింజంత తేడా. పొట్టిది ముగిసే చోట మసి పేరుకుంటే, తరువాత వచ్చే పొడవైనది దానికి తగిలి ఆగిపోతుంది. వెర్డెల్ పొట్టివి ఏనాడూ కాల్చలేదు. కాల్చేదెవరని అడిగాను. అందరూ ఎల్డన్ వైపు చూశారు. పొట్టి తూటాకు చేతిమీద వెనుదెబ్బ తక్కువ, ఆయన మణికట్టు నొప్పి జగద్విదితం.

"అది మసే కాదమ్మా, ఇనుము రంగే అంత. కావాలంటే ఓటు పెడదాం," అన్నాడు ఎల్డన్.

"మా ఆయన్ని బూట్లు తుడవమంటే ఇట్లాగే ఓటు పెడదామనేవాడు. ఇంట్లో ఉన్నది ఇద్దరమే," అంది వెర్డెల్.

భోజనవేళ మించిపోతున్నందున, రివాల్వరు శుభ్రంగా ఉన్నదనే తీర్మానం నాలుగుకు ఆరు ఓట్లతో నెగ్గింది. తూటాలే మరీ పొడవని ఎల్డన్ ఒక సవరణ కూడా చేర్చాడు. దాని కింద ఆయన చేతనే సంతకం చేయించాను.

"శుభ్రంగా ఉన్నదాన్ని శుభ్రం చేయలేదని ఈవిడ మీద నేరం ఎట్లా మోపుతావు, ఎల్డన్?" అని అడిగాను.

అనర్హత రద్దయింది. అయితే, తూటా పట్టే రివాల్వరును అందించడం అధ్యక్షుడి విధి. మసి తుడిస్తే తీర్మానం అబద్ధమవుతుంది. తుడవకపోతే పోటీ సాగదు. ఎల్డన్ కేవలం మెరుగు పెడుతున్నానని ప్రకటించి, ఇత్తడి బ్రష్షూ నూనే పుచ్చుకున్నాడు. గదికి పది నిమిషాలు పట్టింది. బల్లమీద పదకొండు గుడ్డపేలికలు పోగుపడ్డాయి. తీర్మానానికి కట్టుబడి, వాటికి నల్లగా అంటినదేమిటో ఎవరమూ అడగలేదు.

తూటాలు ఆరూ జారి దిగాయి. వెర్డెల్ కాల్చినవాటిలో నాలుగు గురికి తగిలాయి. మూడో స్థానం. పతకం మెడలో వేయడానికి ఎల్డన్ వచ్చాడు. ముందు చేతులు కడుక్కుని రమ్మని ఆమె ఆయనను వెనక్కి పంపింది.